పూత మీద నీలం మంచు

ఆ ఫోను కెమెరాలో తెలుపు రంగును సరిచేసే అమరిక ఒకటి ఉండేది. దానికి నాలుగు గుర్తులు: సూర్యుడు, మబ్బు, ట్యూబులైటు, బల్బు. ఏ వెలుతురులో తీస్తుంటే ఆ గుర్తు పెట్టుకోవాలి. బల్బు వెలుగులో ఫోటోలు పసుపుగా వస్తాయి కాబట్టి, బల్బు గుర్తు పెడితే ఆ పసుపును పోగొట్టడానికి ఫోను నీలం కలుపుతుంది. అదే గుర్తు పెట్టి తెల్లవారుతుండగా ఆరుబయట తీస్తే పోగొట్టడానికి పసుపేమీ ఉండదు. కలిపిన నీలం మాత్రం ఫోటోలో మిగిలిపోతుంది. ఇది ఎవరూ చెప్పకుండానే కనుక్కున్నాను. రెండువేల ఎనిమిది చివర మొదలైన చలికాలం ఫోటోలన్నీ ఆ నీలంతోనే తీశాను.

అప్పటికి నా ఇంజనీరింగు పూర్తయింది. ఎలక్ట్రానిక్స్. కాలేజీకి వచ్చి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ, చేరే తేదీని మొదట దసరా తర్వాతకి జరిపింది, ఆపైన కొత్త సంవత్సరానికి జరిపింది, చివరికి తేదీ చెప్పడమే మానేసింది. ఆ వానాకాలం చివర్లో అమ్మ పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. కర్మకాండలు జరిగినన్నాళ్ళూ నాకు ఏడుపు రాలేదు. మా మేనత్త రెండు మూడుసార్లు నా మొహంలోకి చూసి, "ఏడవరా నాన్నా, లోపల పెట్టుకోకు" అంది. లోపల ఏమీ లేదని చెబితే బాగుండదని ఊరుకున్నాను.

మాది తిరువూరులో పురుగుమందుల కొట్టు. నాన్న బంధువుల దగ్గర పని నేర్చుకుని పెట్టుకున్నది. పత్తికి, మిరపకి, మామిడికి మందులు, స్ప్రేయర్లు, వాటి వాషర్లు అమ్మేవాడు. పగలు నేను కొట్లో కూర్చునేవాణ్ణి. పొద్దున మాత్రం ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. వంటింట్లో చప్పుడు ఉండాల్సిన వేళకి ఉండేది కాదు. అందుకని చీకటి పల్చబడగానే నాన్న మోపెడ్ తీసుకుని విస్సన్నపేట రోడ్డు పట్టేవాణ్ణి. ఆ రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు. చలికాలం పొద్దున్నే తోటల్లో మంచు మనిషెత్తున నిలబడి ఉంటుంది. పైన చెట్ల తలలు కనిపిస్తాయి, కింద మానులు కనిపించవు.

ఆ ఫోను మా కజిన్ వాడి, కొత్తది కొనుక్కుని నాకిచ్చేసినది. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా, అగ్గిపెట్టెంత తెర. దానితో మంచు తీయడానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. జూమ్ వాడకూడదు, అది దగ్గరికి తేదు, ఉన్న చుక్కల్నే సాగదీస్తుంది. వెలుతురు ఒక మెట్టు పెంచాలి, లేకపోతే తెల్లని మంచు బూడిద రంగులో వస్తుంది. నొక్కేటప్పుడు మోచేతులు పక్కలకి ఆనించి ఊపిరి బిగబట్టాలి. అసలు ఫోటో మీద ఎప్పుడూ దిద్దకూడదు, నకలు తీసి నకలు మీద దిద్దాలి, ఎందుకంటే దిద్ది దాచిన ప్రతిసారీ బొమ్మ కొంచెం అరుగుతుంది. దిద్దడమంటే ఫోనులోనే: చుట్టూ కత్తిరించడం, కాంట్రాస్టు పెంచడం, వెలుగు తగ్గించడం. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆ చిన్న మీటని బొటనవేలితో అటూ ఇటూ తోస్తూ కూర్చునేవాణ్ణి. కరెంటు తీగలు, మోటారు షెడ్లు, మనుషులు ఉంటే కత్తిరించేవాణ్ణి. మిగిలేది చెట్లూ, మంచూ, నీలం. అది చూస్తే అందంగా ఉందని కూడా అనిపించేది కాదు. సరిగ్గా ఉందనిపించేది.

ఆ దారిలో పెద్ద తోట ఉన్న రైతు ఒకాయన ఉండేవాడు. నాన్న కంటే కొంచెం పెద్ద. మా కొట్టు పెట్టిన కొత్తలోనే అలవాటుపడ్డ మనిషి. వయసుతో పని లేకుండా నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున ఆయన తోటలో నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాను. మంచులోంచి మఫ్లరు చుట్టుకున్న తల ఒకటి వచ్చింది.

"ఎవరది? చిన్న శెట్టా? ఏం చేస్తున్నావిక్కడ?"

"ఫోటోలు తీస్తున్నా బాబాయ్."

"దేన్ని? ఏమీ కనపడట్లేదుగా."

"దాన్నే."

ఆయన నా పక్కన నిలబడి నేను చూస్తున్న వైపు కాసేపు చూశాడు. "బాగా చదివించాడయ్యా మీ నాన్న" అన్నాడు. తర్వాత తల వంచి, దగ్గరున్న చెట్టు కొమ్మ కిందికి లాగి చూపించాడు. బంగినపల్లి. రెండు వరసలు ఆ ఏడు తొందరపడి పూశాయి. "ఈ తోట తప్ప ఈ రోడ్డులో ఇంకెక్కడా పూత లేదు. కావాలంటే చూసుకో. ముందు కాయ నాదే. ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుద్ది."

ఆ రోజు తీసిన వాటిల్లో ఒకటి బాగా కుదిరింది. దగ్గరగా ఒంగిన కొమ్మ, దాని నిండా పూత, వెనక మంచులో కరిగిపోతున్న వరసలు.

మా వ్యాపారంలో కొత్త సంవత్సరానికి రైతులకి కేలండర్లు పంచడం ఆనవాయితీ. పైన దేవుడి బొమ్మ, కింద తిథులూ వర్జ్యాలూ ఉన్న నెలల కాగితాలు, మధ్యలో కొట్టు పేరు. కార్తీకం వెళ్ళేసరికి ఏజెంటు బొమ్మల ఆల్బం పట్టుకొస్తాడు. మా కొట్టుకి ఏ దేవుడో ఎంచేది అమ్మే. ఆల్బం ఇంటికి తెప్పించుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో పేజీ తిప్పేది. ఆ ఏడు ఏజెంటు వచ్చినప్పుడు నాన్న ఆల్బం తెరవకుండా బల్ల మీద ఉంచాడు. అప్పుడు మేనత్త నెమలి అనే వాళ్ళ ఊరి నుంచి వచ్చి ఇంట్లోనే ఉంది.

"ఏటి సూతకంలో దేవుడి బొమ్మ వేసి ఊరంతా పంచుతావా తమ్ముడూ? గుడి మెట్టు ఎక్కకూడని ఇల్లు మనది" అంది.

"మరి కేలండరు మానెయ్యమంటావా అక్కా?"

"మానెయ్యి. ఒక్క ఏడాదికి ఏమవుద్ది?"

ఏమవుతుందో నాన్నకి తెలుసు. ఆ దసరాకే మా కొట్టుకి ఎదురుగా కొత్త మందుల కొట్టు తెరిచారు. అద్దాల తలుపులు, రైతులు కూర్చోవడానికి బెంచీలు, వచ్చినవాళ్ళకి టీ. వాళ్ళు కేలండరు వేస్తారు. మేము వెయ్యకపోతే ఏడాది పొడుగునా రైతుల ఇళ్ళ గోడల మీద ఉండేది వాళ్ళ పేరే. మందు కావాల్సొచ్చినప్పుడు కళ్ళముందు ఉండే పేరు అదే.

"వీడు పొద్దున్నే పోయి చెట్ల ఫోటోలు తీస్తాడుగా. అందులో ఒకటి వేస్తే?" అన్నాడు నాన్న. అత్తయ్య కొంచెం ఆలోచించి, "చెట్టుకి సూతకం లేదులే" అంది.

ఒంగిన కొమ్మ ఫోటోని నాన్నకి చూపించాను. "బాగుంది" అన్నాడు. ఆ నెలల్లో నాన్న అన్నిటినీ బాగుందనే అనేవాడు. అత్తయ్య చేసిన ఉప్పులేని పప్పు కూడా బాగుంది. నిద్ర పట్టిందా అని అడిగితే, బాగా పట్టింది. నిజానికి ఇద్దరమూ ఆ ఫోటోని చూశాం. ఏటా మంచు మొదలవగానే బూడిద తెగులుకి కొట్టే గంధకం డబ్బాలు ముందు వరసకి సర్దుకునే కొట్టు మాది. అయినా ఇద్దరికీ ఏమీ తట్టలేదు.

ప్రింటింగు కోసం విజయవాడ వెళ్ళాను. అక్కడి ఆపరేటరు కార్డు పెట్టి ఫోటో తెరిచి, "ఇది సెల్లుతో తీసిందా?" అన్నాడు.

"అవునండి."

"కేలండరు సైజుకి లాగితే చుక్కలు లేస్తాయి మరి."

"లేస్తాయి. కత్తిరించకముందే పదహారు వందల చుక్కల వెడల్పు. మీ మిషను అంగుళానికి మూడు వందలు అడుగుద్ది. అంటే మహా అయితే ఐదంగుళాల దాకా బాగుంటది. మనకి కావాల్సింది పన్నెండు."

ఆయన నావైపు తిరిగి చూశాడు. "అన్నీ తెలిసే తెచ్చావన్నమాట." మళ్ళీ తెరవైపు తిరిగి పెద్దది చేసి చూశాడు. "పర్లేదులే. మంచు కాబట్టి సరిపోయింది. అందులో చూడ్డానికేముంది. అదే మనిషి మొహమైతే చెడిపోయేది."

అది నిజం. మంచులో అంచులు ఉండవు, అందుకని సాగదీసినా తెలియదు. ఆయన నీలాన్ని ఇంకో పాలు పెంచుదామా అని అడిగాడు. పెంచమన్నాను.

కేలండర్లు సంవత్సరం మారే వారంలో వచ్చాయి. మొదటిరోజు ఎ.కొండూరు వైపు నుంచి నలుగురు రైతులు మిరప మందుకి వచ్చారు. నాన్న తలా ఒకటి చేతికిచ్చాడు. ఒకతను చుట్ట విప్పి చూశాడు.

"దేవుడు లేడా శెట్టిగారూ ఈసారి?"

"ఇంట్లో సూతకం కదయ్యా."

"అదవును, పాపం." అతను తలూపి మళ్ళీ బొమ్మ చూశాడు. "ఇదేంటి, మామిడి పూతా? మంచా ఇది? పూత మీద మంచు పోయించారేంటండీ?"

పక్కవాడు తొంగి చూసి నవ్వాడు. "పొయ్యకపోతే మందులెట్టా అమ్ముడవుతాయిరా? మనకి మంచు, శెట్టిగారికి పండగ. కొత్త సంవత్సరం శుభాకాంక్షలని రాసి మరీ ఇచ్చారు చూడు."

నలుగురూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక ఒక కేలండరు బల్ల మీద పరిచి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మామిడి రైతుకి పూత మీద మంచు కంటే భయం ఇంకోటి లేదు. మంచు దిగితే పూత నల్లబడుతుంది, బూడిద తెగులు పడుతుంది, తేనెమంచు పురుగు చేరుతుంది. అలాంటి బొమ్మని పురుగుమందుల కొట్టు పేరు వేసి, మంచి జరగాలని రాసి, ఇంట్లో తగిలించుకోమని ఇస్తున్నాం.

"నువ్వైనా చెప్పలేదేంరా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"తట్టలేదు నాన్నా."

"నాకూ తట్టలేదు."

మూడోరోజో నాలుగోరోజో బాబాయ్ వచ్చాడు. అప్పటికి ఎవరో చెప్పినట్టున్నారు, కూర్చోకుండానే కేలండరు అడిగాడు. కళ్ళజోడు తీసి పెట్టుకుని, బొమ్మని గుమ్మం వెలుతురులోకి తిప్పి చూశాడు. మోటారు షెడ్డు కత్తిరించేశాను, దారి కత్తిరించేశాను. ఆయనకి కొమ్మ చాలు.

"ఇది నా చెట్టు."

నేనే అవునన్నాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాను నీకు. నువ్వు మూడు మండలాల్లో గోడలకి ఎక్కించావు." ఆయన వేలు పూత మీద పెట్టాడు. "ఇదేంటి ఈ రంగు? నా పూత తేనె రంగులో ఉందయ్యా. దీనికి బూడిద తెగులు పట్టించావేంటి?"

"అది తెగులు కాదు బాబాయ్. బల్బు గుర్తు పెట్టి తీశాను, అందుకని పసుపు పోయి..."

"ఏ బల్బు? నా తోటలో బల్బు లేదు."

అసలు ఫోటో ఫోనులోనే ఉంది కానీ అది కూడా బల్బు గుర్తుతో తీసిందే. చూపించడానికి నా దగ్గర ఆ పూత అసలు రంగు ఎక్కడా లేదు. ఆయన కేలండరును చుట్టకుండా, బొమ్మ కిందికి వచ్చేట్టు బోర్లించి బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. కొననే లేదు ఏమీ.

ఆ తర్వాత అడిగిన వాళ్ళకే ఇచ్చాం. అడిగినవాళ్ళు తక్కువ. మిగిలిన కట్టలు అటక మీద పడేశాం. వెనకవైపు తెల్లగా, గట్టిగా ఉండేది కాగితం. చిల్లరగా గంధకం పొడి అడిగిన వాళ్ళకి దాంట్లోనే పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. నాకు బాధ వెయ్యలేదు. పొట్లం కట్టడానికి ఎంత ముక్క కావాలో ఆలోచించేవాణ్ణి.

జనవరి చివర్లో నిజంగానే మంచు పట్టింది. వారం దాటినా విడవలేదు. పొద్దున పదింటికి కూడా బస్సులు లైట్లు వేసుకుని వచ్చేవి. అప్పటికి అన్ని తోటలూ పూశాయి. కొట్టుకి వచ్చినవాళ్ళు నవ్వులాటకే అనేవాళ్ళు, "కేలండర్లో వేశారుగా, అందుకే వచ్చింది" అని. నవ్వులాటకే అన్నా, అని ఎదురు కొట్లోకి వెళ్ళేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఎదురు కొట్టు బెంచీ మీద బాబాయ్ కూర్చుని టీ తాగుతూ కనిపించాడు. ఆయన మావైపు చూడలేదు. నాన్న గల్లాపెట్టె మూత వేసి మళ్ళీ తీశాడు.

"ఆయన్ని చూసి ఆ దారిలో పల్లెలన్నీ వస్తాయిరా మన దగ్గరికి" అన్నాడు. "ఆయన పోతే వాళ్ళూ పోతారు. వేసవి దాకా కూడా లాగలేం. కొట్టు మూసుకోవడమే."

"మనం పోయి మాట్లాడదామా?"

"ఏం మాట్లాడతాం?"

కానీ మర్నాడు పొద్దున నాన్నే షట్టరు సగం దించి, మోపెడ్ తియ్యమన్నాడు. వ్యాపారం వేళకి షట్టరు దించడం అమ్మ పోయినప్పటి తర్వాత అదే మొదలు.

తోటలో డ్రమ్ములో నీళ్ళు పట్టి ఉన్నాయి. స్ప్రేయరు పక్కన మూడు మందు సీసాలు, ఎదురు కొట్టువే. బాబాయ్ మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నాన్న చెప్పులు గట్టు మీద విడిచి, ముందుగా పూసిన వరస దగ్గరికి వెళ్ళాడు. కొమ్మ వంచి, పూత రెమ్మ కింద తన తెల్ల తువ్వాలు పరిచి, రెమ్మని వేలితో రెండుసార్లు తట్టాడు. తువ్వాలు మీద పడ్డ పురుగుల్ని చూశాడు. ఇంకో చెట్టు, ఇంకో వైపు, మళ్ళీ తట్టడం. తర్వాత సీసాలు ఒక్కొక్కటే ఎత్తి అట్టలు చదివాడు.

"ఈ మూడూ కలిపి కొట్టమన్నారా?"

"అవును. ఇవాళే."

"కొట్టొద్దు."

"మీ దగ్గర కొనలేదనా?"

"మా దగ్గర కొన్నా కొట్టొద్దనే అంటాను. పురుగు పెద్దగా లేదు, చూడండి. పైన తడికి నల్లబడింది. చలికి ఆగాగి ఇప్పుడే నిండుగా విచ్చిన పూత ఇది. దీనిమీద ఇంత మందు పడితే ఈగ వాలదు. ఈగ వాలకపోతే పిందె ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మరి ఏం కొట్టమంటావు?"

"ఏమీ వద్దు. ఎండ వచ్చేదాకా ఆగండి. పిందె కట్టి బఠాణీ గింజంత అయ్యాక అప్పుడు చూద్దాం."

బాబాయ్ మఫ్లరు సర్దుకున్నాడు. "మందులు అమ్ముకునే మనిషివి. మందొద్దని చెప్పడానికి కొట్టు కట్టేసి వచ్చావా?"

"అందుకే వచ్చాను."

"పూత రాలిపోతే?"

"రాలిపోతే ఇంక మా మెట్టు ఎక్కకండి."

"ఇప్పుడు ఎక్కుతున్నానా?"

నాన్న దానికి చిన్నగా నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు. చెట్ల వైపు, డ్రమ్ము వైపు చూశాడు. ఆ రెండు వరసలే ఆయనకి ముందు కాయ, మంచి ధర పలికే కాయ. ఒక మాట విని చేతులు కట్టుకుని కూర్చోవాలంటే ఆ మాట చెప్పినవాడు కళ్ళముందు ఉండాలి.

"రోజూ వచ్చి చూస్తావా మరి? నాలుగు రోజులు పోయాక అయ్యో అంటే నేనేం చెయ్యను?"

"రోజూ నేను రాలేను, కొట్టు ఉంది. వీడొస్తాడు. రెమ్మల్ని ఫోటో తీసుకొచ్చి నాకు చూపిస్తాడు. తేడా కనిపిస్తే ఆ పూటే వస్తాను."

"ఆ నీలం ఫోటోలా?" అన్నాడు బాబాయ్.

ఇద్దరూ నావైపు చూశారు. నేను ఫోను తీసి, గుర్తుల దగ్గరికి వెళ్ళి, సూర్యుడి గుర్తు పెట్టి, ఒక రెమ్మ తీసి బాబాయ్‌కి చూపించాను. మంచులో తేనె రంగు కొంచెం చప్పగా ఉంది, చివర్లు నల్లగా ఉన్నాయి. ఉన్నదున్నట్టు ఉంది.

"ఇది నా పూత" అన్నాడు ఆయన. సీసాలు తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాడు.

ఆ రోజు నుంచి నేను తీసినవి మంచు ఫోటోలు కావు. ముందు వరసలో చెట్లకి నాలుగు వైపులా ఒక్కో రెమ్మకి ఎర్ర దారం కట్టాను. రోజూ అవే రెమ్మలు. ఫోనుకీ రెమ్మకీ మధ్య దూరం మారకుండా పుల్ల ఒకటి విరిచి కొలతగా పెట్టుకున్నాను, ఆ కెమెరా అంతకంటే దగ్గరికి పోతే మసకేస్తుంది. వెనక తెల్ల గుడ్డ పట్టుకునేవాణ్ణి. వెలుతురు పెంచేది లేదు, కాంట్రాస్టు లేదు, కత్తిరించేది లేదు. పక్కన మోటారు షెడ్డు పడినా, బాబాయ్ చెయ్యి పడినా అలాగే ఉంచేవాణ్ణి. కొట్టుకి వచ్చాక నాన్న సీసాల అట్టల మీద సన్న అక్షరాలు చదివే భూతద్దం తీసి, ఫోను తెర మీద పెట్టి చూసేవాడు.

"ఈ చుక్కేంటి?"

"నీటి బొట్టు."

"నిన్న కూడా ఉందా?"

నిన్నటిది తీసి చూపించేవాణ్ణి. లేదు. "అయితే బొట్టే" అనేవాడు.

ఒకరోజు పడమటి వైపు రెమ్మ సగానికి విరిగి వేలాడుతోంది, పూర్తిగా నల్లబడింది. ఫోటో చూసి నాన్న భూతద్దం పక్కన పెట్టాడు. "ఇది బాగాలేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి విని చాలాకాలమైంది. షట్టరు దించి బయల్దేరాడు. మేము వెళ్ళేసరికి బాబాయ్ ఆ చెట్టు కిందే నిలబడి ఉన్నాడు. స్ప్రేయరు షెడ్డులోంచి బయటికి వచ్చి ఉంది. నాన్న మళ్ళీ తువ్వాలు పరిచి తట్టాడు, ఆ చెట్టు చుట్టూ తిరిగాడు, పక్క చెట్ల కిందికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చాలాసేపయింది.

"ఇంకా ఆగమంటావా?" అన్నాడు బాబాయ్.

"ఆగండి."

"గొంతులో ధైర్యం లేదు శెట్టీ నీకు."

"లేదు. అయినా ఆగండి."

నేను ఆ పక్కన నిలబడి ఉన్నాను. నాన్న అరికాళ్ళకి బురద. నాన్న మాట తప్పయితే మా కొట్టు పోతుంది, బాబాయ్ కాయా పోతుంది. ఇది లెక్క ప్రకారం నాకు తెలుసు. లెక్క తెలియడం వేరు, నా గుండె మాత్రం మామూలుగానే కొట్టుకుంటోంది. నేను విరిగిన రెమ్మని ఇంకోసారి తీశాను.

తర్వాతి వారం ఎండ వచ్చింది. మంచు ఒక్కసారిగా కాకుండా, రోజూ కొంచెం ముందుగా విడిపోతూ పోయింది. పూత రాలడం మొదలైంది. రాలుతుంటే ఏది పోతోందో ఏది నిలుస్తోందో కంటికి తెలియదు. ఫోటోల్లో తెలిసింది. దారం కట్టిన రెమ్మల్లో కొన్ని ఉత్త పుల్లలయ్యాయి. కొన్నిటి మీద గుండుసూది తలంత పచ్చటి పిందెలు కనిపించాయి. నాన్న భూతద్దం కింద వాటిని లెక్కపెట్టబోయి, మధ్యలో వదిలేసి, ఫోను నా చేతికిచ్చి, "ఆయనకి చూపించావా?" అన్నాడు.

"ఆయనే నాకు చూపించాడు."

పిందె బఠాణీ గింజంత అయ్యాక ఒక ఉదయం బాబాయ్ మా మెట్లెక్కాడు. ఎదురు కొట్టు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చూస్తున్నారు. ఆయన మా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సగం పోయింది శెట్టీ."

"సగం ఉందిగా."

"ఉంది" అన్నాడాయన. స్టూలు ముందుకి జరిపి, "పక్క తోటవాడు మూడు మందులు కలిపి కొట్టాడు. వాడికి పూత నిగనిగలాడింది కానీ పిందె నిలవలేదు. మొన్న వచ్చి నా చెట్లు చూసి పోయాడు" అన్నాడు. "ఇప్పుడేం కొట్టాలి?"

నాన్న ఒకే ఒక్క సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఎంత నీటికి ఎంత కలపాలో చెప్పాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి నా షెడ్డులో ఉన్న మూడు సీసాలు ఏం చెయ్యను?"

"కొన్నచోట తిరిగి ఇచ్చెయ్యండి."

"తీసుకుంటారంటావా?"

"మేమైతే తీసుకుంటాం" అన్నాడు నాన్న, ఎదురు కొట్టుకి వినపడేంత గట్టిగా కాదు గానీ, మరీ మెల్లగా కూడా కాదు. బాబాయ్ భుజాలు కదిలేట్టు నవ్వాడు. ఆ వారంలోనే ఆ దారిలో పల్లెల వాళ్ళు ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. అందరూ రాలేదు. కొట్టు నడవడానికి సరిపోయేంతమంది వచ్చారు.

సీసా మోసుకెళ్ళి ఆయన మోపెడ్ సంచిలో పెడుతుంటే, "రేపు వస్తున్నావా తోటకి?" అన్నాడు.

"ఇంక ఫోటోల పని లేదుగా బాబాయ్."

"పని లేకపోతే రావా?"

మర్నాడు వెళ్ళాను. మంచు లేదు. చెట్లు కింది నుంచి పై దాకా కనిపిస్తున్నాయి, వాటి వెనక రోడ్డు మీద ఆటోలు కూడా కనిపిస్తున్నాయి. ఫోను జేబులోనే ఉంది. బాబాయ్ చెట్ల కింద రాలిన పిందెలు ఏరుతున్నాడు. గోళీల కంటే చిన్నవి. ఒకటి గోటితో చీల్చి సగం తన నోట్లో వేసుకుని సగం నాకిచ్చాడు. నమిలాను. నాలుక గరుకెక్కి, దవడలు రెండూ లోపలికి లాగినట్టయింది.

"ఎట్టా ఉంది?"

"వగరు" అన్నాను.

"ఇప్పుడు వగరే. పులుపెక్కడానికి ఇంకా టైం పడుద్ది" అని ఆయన ఇంకో చెట్టు కిందికి జరిగాడు. నేనూ వంగి ఏరడం మొదలుపెట్టాను.